స్టారు దించినాకే రంపం

మా మామ పోయాడు. పోయిన మే నెలలో, ఒక తెల్లవారుజామున, కడప ఆస్పత్రిలో. "నాయన పోయినాడు" అని మా ఆయన ఫోన్లో ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. నేను మైదుకూరులో మా ఇంటి వరండాలో నిలబడి ఉన్నాను. ముందు రోజే డాక్టర్లు ఆశ వదులుకోమన్నారు కాబట్టి ఆ మాట కోసం ఎదురు చూస్తున్నట్టే ఉన్నాను. ఏడుపు వెంటనే రాలేదు. గేటు దగ్గర వేపచెట్టు కింద ఆయన కుర్చీ ఉంది. దాన్ని తీసి లోపల పెట్టాలా వద్దా అని ఆలోచించాను. తర్వాత, వచ్చే జనానికి ఎన్ని కుర్చీలు కావాలి, ఎవరెవరు వస్తారు, వాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలి అని ఆలోచించాను. ఆ పొద్దంతా నా బుర్ర అట్లాగే పనిచేసింది. నేనిప్పుడు రాస్తున్నది ఆ పొద్దు గురించే.

మా మామ బస్సు డ్రైవరు. ఉద్యోగంలో ఎక్కువ కాలం కడప–కర్నూలు రోడ్డు మీదే తిరిగాడు. ఇంజను చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి, పక్కన కూర్చున్న మనిషితో కూడా వెనక సీటుకు వినపడేలా మాట్లాడేవాడు. రిటైరయ్యాక ఆయనకు ఒకటే ధ్యాస, చెట్లు. తోటల్లో కాయలు కాసేవి ఆయనకు పట్టేవి కావు. ఇళ్ల ముందరివి, బడిలోవి, చర్చి ఆవరణలోవి, రోడ్డు పక్కవి, అంటే నీడ కోసం, అందం కోసం పెంచుకునే చెట్ల కొమ్మల్ని ఎప్పుడు కొట్టాలి, ఎట్లా కొట్టాలి అన్నదే ఆయన గోల. ఒకే రోడ్డు మీద అన్నేళ్లు పోతూ వస్తూ ఉంటే ఏ చెట్టును ఏ కాలంలో నరికారో, మరుసటేడు దానికేమైందో కంటికి తెలిసిపోతుంది కదా.

"ఎండాకాలంలో రోడ్డు పక్కన చింతచెట్లను మొండెం చేసినోళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది పాపా" అనేవాడు. "బస్సు నిలిపి, దిగి తిట్టేకి లేదు. అందరూ టైముకు పోవాలంటారు. ఆ తిట్లన్నీ దాచిపెట్టుకున్నా. ఇప్పుడు వాడుకుంటాండా."

నిజంగానే వాడుకున్నాడు. పెళ్లికి పోతే పెళ్లివారి ఇంటి ముందు, ఆస్పత్రికి పోతే ఆస్పత్రి గేటు ముందు. తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అని లేదు. ఆయన పక్కన నడవాలంటే నాకు సిగ్గుగా ఉండేది. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు గానీ, అందరికీ తెలుసుననే అనుకుంటాను. ఆయన తలెత్తి ఏ చెట్టువైపో చూస్తే చాలు, నేను కొంగు సర్దుకుంటూ నాలుగడుగులు ముందుకు పోయేదాన్ని.

ఈ సిగ్గు పెళ్లిచూపుల నాడే మొదలైంది. మాది కర్నూలు. మగపెళ్లివాళ్లు వస్తున్నారని, గేటు దగ్గర శుభ్రంగా కనపడాలని, మా నాయన మనుషుల్ని పెట్టి ఇంటి ముందరి తురాయి చెట్టును బోడిగా కొట్టించాడు. అదీ నడి ఎండాకాలంలోనే. ఆటో దిగి అందరూ లోపలికి వస్తున్నారు. పెళ్లికొడుకు నాయన మాత్రం గేటు దగ్గరే ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూస్తున్నాడు. నేను వంటింటి కిటికీ దగ్గర కాఫీ గ్లాసులు పట్టుకుని ఉన్నాను.

"ఎవరప్పా దీన్ని నరికినోడు?"

"నేనే కొట్టించినా" అన్నాడు మా నాయన. "ఏం, ఎందుకు?"

"ఈ ఎండలో ఎట్ల కొట్టబుద్ధయిందప్పా నీకు? చలికాలంలో కొట్టింటే దానికి తెలిసేది కూడా కాదు కదా!"

వీధిలో పోతున్నవాళ్లు ఆగి చూశారు. మా నాయన మొహం నల్లబడింది. పిల్ల నచ్చిందో లేదో చెప్పాల్సిన మనిషి చెట్టు గురించి పేచీ పెట్టుకున్నాడు. పిల్లవాడు నిదానస్తుడు, నాకు నచ్చాడు కాబట్టి సంబంధం నిలబడింది. మా నాయన మాత్రం చాలా కాలం ఆ మాట మరిచిపోలేదు. మా మామ ప్రస్తావన వస్తే "ఆ చెట్టాయన" అనేవాడు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. మా మామ పెట్టినదే. క్రిస్మస్‌కు ముందు వెదురు బద్దలతో, రంగు కాగితంతో స్టారు కట్టి, లోపల బల్బు పెట్టి వేపచెట్టు పైకొమ్మకు వేలాడదీసేవాడు. కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక దాన్ని దించేవాడు. దించడానికి వేసిన నిచ్చెనను ఆ పూట తీయనిచ్చేవాడు కాదు. "నిచ్చెన ఎట్లాగూ వేసినాం కదా" అని రంపం తీసుకుని ఎక్కేవాడు. స్టారు దించినాకే రంపం. అంతకుముందు ఎవరెన్ని చెప్పినా చెట్టు మీద చెయ్యి వేసేవాడు కాదు. శివరాత్రి దాటితే మళ్లీ ముట్టేవాడు కాదు. చర్చికి పోయే మనిషి శివరాత్రి లెక్క పెట్టుకోవడం మా ఎదురింటి రెడ్డెమ్మక్కకు తమాషాగా ఉండేది. "చలి మీ దేవునిదా మా దేవునిదా మే, చలి చలే" అనేవాడు ఆమెతో.

నేను కాపురానికి వచ్చిన మొదటేడు, కింద నిలబడి కొమ్మలు లాగుతూ, "ఇంత చలిలో పొద్దున్నే ఎందుకు మామా ఈ పని, వేసవి సెలవుల్లో చేసుకోవచ్చు కదా" అన్నాను. అంతే. పైనుంచి ఉపన్యాసం మొదలైంది.

"చలికి చెట్టు పడుకోనుంటాది పాపా. రసం దిగిపోయుంటాది. ఇప్పుడు కోస్తే కారేది తక్కువ. గాలి పొడిగా ఉంటాది, గాయం కుళ్లదు, ఆరిపోతాది. పురుగులు కూడా చలికి యాడో దాక్కోనుంటాయి. గూళ్లలో పిల్లలు ఉండవు. ఇప్పుడు కోస్తే, ఉగాదికి చిగురేస్తాది, ఎండలు ముదిరే తలికి నీడ తయారు. అదే ఎండల్లో కోసినావనుకో, నీడలో పెరిగిన బెరడుకు ఒక్కసారిగా ఎండ తగిలి కాలి పగులుతాది. వానల్లో కోస్తే గాయంలో నీళ్లు నిలుస్తాయి. ఇంగ ఏ కాలం మిగిలింది చెప్పు?"

వీధి చివర పాల కేంద్రం దాకా వినపడి ఉంటుంది. నేను తలొంచుకుని కొమ్మలు లాగాను.

ఆయన కోసే తీరు ఇప్పటికీ కళ్ల ముందుంది. ముందుగా కొమ్మ కిందివైపు, మానుకు మూరెడు దూరంలో కొంచెం గాటు పెట్టేవాడు. తర్వాత దానికి అవతలగా పైనుంచి కోసేవాడు. కింద గాటు ఉంటే కొమ్మ బరువుకు బెరడు చీలుకుంటూ మాను దాకా రాదు. కొమ్మ ఊగడం మొదలవగానే "హోల్డాన్!" అని అరిచేవాడు. తాడు పట్టుకున్న మా ఆయన, కింద నిలబడ్డ మేమూ పక్కకు జరిగాక "రైట్ రైట్!" అనేవాడు. అప్పుడే కొమ్మ పడాలి. "బతుకంతా కండక్టరు చెప్పినట్టు విన్నా. ఇప్పుడు మీరు నేను చెప్పినట్టు వినండి" అనేవాడు. చివరికి మిగిలిన మొండిని మాను దగ్గర ఉబ్బెత్తుగా ఉన్నచోటికి ఇవతలగా, ఆ ఉబ్బుకు గాయం కాకుండా కోసి, అరచేత్తో ఒకసారి తడిమి చూసేవాడు. పడిన రెమ్మల్ని మేకల సుగుణమ్మ వచ్చి పట్టుకుపోయేది. తూర్పువైపు, వీధిలోకి వంగిన రెండు కొమ్మల్ని మాత్రం ఎప్పుడూ ముట్టేవాడు కాదు. ఉగాదికి రెడ్డెమ్మక్క వేపపువ్వు కోసుకోవడానికి అవి.

ఆయన చెప్పిందల్లా సరైనదే అని నేననను. మా బడి సంగతే చెప్తాను. నేను పనిచేసే బడి ఆవరణలో కానుగ చెట్లున్నాయి. ఒక మార్చి నెలలో వాటిని మొండిగా నరికేశారు. నేను క్యారియరు మరిచిపోయి వస్తే ఇవ్వడానికి వచ్చిన మా మామ వాటిని చూశాడు. క్యారియరు చేతిలో పట్టుకునే హెడ్మాస్టరు గదిలోకి పోయాడు.

"ఏం సారూ, పరీక్షల నెల్లో పిల్లోళ్ల నెత్తి మీద నీడ తీసేస్తారా? మీకు మనసెట్లొచ్చింది?"

హెడ్మాస్టరు పాపం మంచివాడు. కొమ్మలు తీగలకు తగులుతున్నాయని కరెంటు వాళ్లే వచ్చి కొట్టేశారని, తనను అడగను కూడా లేదని చెప్పాడు. మా మామ తగ్గలేదు. "అయితే కరెంటోళ్లనే పిలువు. నేను ఈడనే కూర్చుంటా" అని కుర్చీ లాక్కున్నాడు. తరగతుల కిటికీల నిండా పిల్లల తలకాయలు. స్టాఫ్ రూములో ఆ వారమంతా అదే నవ్వు. చెట్టు మీంచి ఆయన వేసే కేక ఊరంతా తెలుసు కాబట్టి, నేను ఎదురైతే ఎవరో ఒకరు "హోల్డాన్" అనేవారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "ఇంక మీరు బడికి రావద్దు మామా. నేను తలెత్తుకోలేకుండా ఉండాను" అన్నాను. గట్టిగానే అన్నాను. గట్టిగా మాట్లాడే మనిషికి గట్టిగా చెబితేనే వినపడుతుందనుకున్నానేమో.

"సరే పాపా" అన్నాడు.

ఆ తర్వాత ఆయన మా బడి గేటు దాటి లోపలికి రాలేదు. ఎప్పుడైనా క్యారియరు తేవాల్సి వస్తే గేటు కొక్కేనికి తగిలించి పోయేవాడు. ఒకసారి కిటికీలోంచి చూశాను. రోడ్డుకు అవతల నిలబడి, గోడ మీదుగా మెడ సాచి, కానుగ చిగుళ్లు ఎంతవరకు వచ్చాయో చూసుకుంటున్నాడు. పిలుద్దామనుకున్నాను. పక్కన సైన్సు టీచరుంది, పిలవలేదు.

ఆయన మొండివాడే గానీ, తన తప్పును దాచుకునేవాడు కాదు. మా చర్చి పక్కన ఒక బాదం చెట్టు ఉండేదట. ఆయన రిటైరైన కొత్తలో, వానాకాలంలో చర్చిలో ఏదో పండగ వచ్చింది. పందిరికి అడ్డమని పాస్టరు అయ్యగారు తొందర పెడితే, ఈయన పెద్దరికం పోతుందని ఒప్పుకుని నడి వానల్లో పెద్ద కొమ్మ కోసిచ్చాడు. గాయంలో నీళ్లు దిగి మాను లోపలంతా పుచ్చిపోయింది. మరుసటేడు గాలివానకు చెట్టు కూలింది. గోడ తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. మోడు మాత్రం ఇప్పటికీ ఉంది. ప్రతి ఆదివారం ఆయన ఆ మోడు కనపడే కిటికీ పక్కనే కూర్చునేవాడు. అక్కడ ఎండ మొహాన కొడుతుంది, ఫ్యాను గాలి రాదు. ఇవతలికి వచ్చి కూర్చోవచ్చు కదా అని అడిగాను.

"నలుగురి ముందర కాదనేకి సిగ్గుపడి కోసినా పాపా దాన్ని" అన్నాడు. ఆ రోజు ఆయన గొంతు చిన్నగా ఉంది. "ఈడ కూర్చుంటే మర్సిపోను."

ఆ మాట నేను విన్నాను. అర్థమైంది కూడా. అయినా మే నెలలో నేను చేసింది చెప్తాను.

ఆయన పోయాడని తెలిసిన గంటకే మా వీధి వాళ్లంతా వచ్చేశారు. మా ఆయన ఇంకా కడపలోనే, ఆస్పత్రి పనులు చూసుకుంటున్నాడు. అద్దాల పెట్టె తీసుకుని వ్యాను బయల్దేరుతుందని కబురు. షామియానా వేసేవాళ్లు వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. వాళ్లలో పెద్దవాడు వేపచెట్టు చూసి తల గోక్కున్నాడు.

"మేడమ్, ఈ కొమ్మలుంటే షామియానా పైకి లేయదు. వ్యాను కూడా లోపలికి రాదు. ఒకటో రెండో కొట్టేస్తే సరిపోతాది. ఏమంటారు?"

రెడ్డెమ్మక్క నా వైపు చూసింది. సుగుణమ్మ నా వైపు చూసింది. ఆ చెట్టు నీడ చాలు, షామియానా ఎందుకు అనొచ్చు. వ్యాను వీధిలోనే ఆపి, పెట్టెను నలుగురు మోసుకొస్తే చాలు అనొచ్చు. ఆయన్ను మోయడానికి మనుషులకు కొదవా? కానీ నా బుర్రలో అప్పుడు ఇంకేవో తిరుగుతున్నాయి. బడి నుంచి హెడ్మాస్టరు వస్తాడు, సైన్సు టీచరు వస్తుంది, కర్నూలు నుంచి మా వాళ్లొస్తారు. షామియానా కూడా వేయలేదంటారు. మామను వీధిలో దించారంటారు. చావింట్లో కూడా చెట్టు గోలేనా అని నవ్వుకుంటారు.

"కొట్టండి" అన్నాను.

గొడ్డలి తెచ్చారు. కింది గాటు లేదు, ఏమీ లేదు, పైనుంచి ఒకటే దెబ్బలు. మొదటి కొమ్మ మీద దెబ్బలు పడుతున్నప్పుడే మాట నా నోటి దాకా వచ్చింది. కింద గాటు పెట్టండి అని అరవాలి. ఏటా చూసినదాన్ని, కొమ్మలు లాగినదాన్ని. నాకు తెలియక కాదు. నలుగురి ముందర, మా మామలాగా అరవడానికి సిగ్గేసింది. అంతే సంగతి. కొమ్మ పడుతూ పడుతూ మాను మీది బెరడును నా నడుం ఎత్తుదాకా చీల్చుకుని వచ్చింది. లోపల తెల్లటి చెక్క తడిగా కనపడింది. ఒకటో రెండో అన్నవాళ్లు చెయ్యి తిరిగాక ఆగలేదు. పడమటివైపంతా బోడి చేసి, రెడ్డెమ్మక్క ఉగాది కొమ్మల్లో ఒకదాన్ని కూడా కొట్టేశారు. నేను వరండాలో నిలబడి కుర్చీలు ఎక్కడ వేయాలో చెబుతున్నాను.

తీరా షామియానా ఎత్తితే దాని గుడ్డ చాలలేదు. గేటు దగ్గర కొంత జాగా బయటికే ఉండిపోయింది. వ్యాను వచ్చి, పెట్టెను సరిగ్గా అక్కడే పెట్టారు, వచ్చేవాళ్లకు మొహం కనపడాలని. మా ఆయన వ్యాను దిగుతూనే నాయన వైపు కాకుండా చెట్టు వైపు చూశాడు. పొద్దెక్కేకొద్దీ ఎండ అద్దం మీద పడింది. మే నెల ఎండ మీకు తెలుసు. ఏటా చలిలో నిచ్చెనెక్కి, ఎండలకు సిద్ధం చేసుకున్న నీడ ఆయనది. అదే చెట్టు కింద, మొహం మీద ఎండ పడుతుండగా పడుకుని ఉన్నాడు. సుగుణమ్మ చూడలేక దుప్పటి తెచ్చి పెట్టె మీద కప్పింది. వచ్చినవాళ్లు మొహం చూడాలంటే దుప్పటి తీయడం, మళ్లీ కప్పడం. నేను ఆ పక్కనే కూర్చుని ఉన్నాను.

"మామ లేసినాడంటే ఈ పొద్దు మనల్ని ఒక్కరినన్నా ఉండనిస్తాడా?" అంది రెడ్డెమ్మక్క ఏడుస్తూనే. కొంతమంది నవ్వారు, ఆప్యాయంగానే. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. మామ పోయినందుకే అనుకున్నారందరూ. సైన్సు టీచరు నా వీపు నిమిరింది. ఎంత ప్రేమో కోడలికి అని ఎవరో అన్నారు. ఆ మాట విని నేను భూమిలోకి పోతే బాగుండుననుకున్నాను. అయ్యగారు ప్రార్థన చేశాడు. సమాధుల తోటకు తీసుకుపోయేటప్పుడు వ్యాను సులువుగానే బయటికి పోయింది.

మర్నాడు చూస్తే చీలిన బెరడు అంచులు అప్పుడే వంకర తిరిగి ఎండుతున్నాయి. ఇన్నాళ్లూ నీడలో ఉన్న మాను పడమటి ఎండకు బయటపడింది. "బెరడుకు ఎండ తగలనీయకూడదు, సున్నం కొట్టాల, గోనెపట్ట చుట్టాల" అని ఎవరి ఇంటి ముందో ఎవరితోనో పోట్లాడుతూ ఆయన అన్న మాట గుర్తొచ్చింది. అప్పుడు నేను నాలుగడుగులు ముందు నడుస్తున్నాను, అయినా వినపడింది. ఆయన నిచ్చెన నేనే వేసుకుని, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఎక్కాను. సున్నం బకెట్టు మా ఆయన అందించాడు. వీధిలో పోతున్నవాళ్లు ఆగి చూశారు. ఎవరో పిల్లలు, నా బడి పిల్లలే, "టీచర్!" అని కేకేశారు. చెవులు మండిపోయాయి నాకు. సిగ్గుపడుతూనే కొమ్మ కోసిన చోటినుంచి మాను మొదలుదాకా సున్నం కొట్టాను, గోనె చుట్టి కట్టాను. పని అయ్యేదాకా దిగలేదు.

వారం తిరక్కుండానే మా ఆయన రంపం తీసుకుని బయటికొచ్చాడు. గొడ్డలి దెబ్బలకు చీలికలు పేలికలైన ఆ మొండేల్ని చూడలేకపోతున్నాడు. నున్నగా కోసేద్దాం, చూడ్డానికైనా బాగుంటుంది అన్నాడు.

"ఇప్పుడొద్దు" అన్నాను. "చలి రానీ."

ఆయన నన్నొక చూపు చూసి, రంపం తీసుకుపోయి మళ్లీ మేకుకు తగిలించాడు.

ఇప్పుడు వానలు పడ్డాయి. చెట్టు చావలేదు. చావలేదు గానీ, ఆ మొండేల చివరల నుంచి చీపురు పుల్లల్లా గుత్తులు గుత్తులుగా చిగుళ్లు లేచాయి. పచ్చగా, నిండుగా ఉన్నాయి. దారిన పోయేవాళ్లు ఆగి, "చూసినారా మేడమ్, కొట్టినందుకు ఎంత బాగా చిగిరిచ్చిందో!" అంటున్నారు. నన్ను ఓదార్చాలనే అంటున్నారు. అవి పైపైన అతుక్కున్న రెమ్మలని, గట్టి గాలికి ఊడి వస్తాయని, చలికాలంలో వాటిలో బలమైనదొకటి ఉంచి తక్కినవి తీసేయాలని, మళ్లీ ఆ చోట కొమ్మ అనదగ్గది రావడానికి ఏళ్లు పడుతుందని వాళ్లకెందుకు చెప్పడం? అయినా చెబుతున్నాను. మొదట్లో మెల్లగా చెప్పేదాన్ని. ఈ మధ్య నా గొంతు కూడా కొంచెం పెరుగుతోందని మా ఆయన అంటున్నాడు.

పోయిన వారం ఇంట్లో మామ జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టుకున్నాం. మా నాయన కర్నూలు నుంచి వచ్చాడు. ఎండల్లో ఒంట్లో బాగుండక మట్టి చేసిన రోజు రాలేకపోయాడు, కాబట్టి ఆయనకు ఇదే రావడం. ఆయన గురించి ఒక మాట చెప్పాలి. నా పెళ్లయిన కొన్నేళ్లకు, ఒక జనవరిలో, పంతం విడిచి తనే మా మామకు ఫోన్ చేశాడు. "బావా, ఇప్పుడు కొట్టించొచ్చునా చెట్టు?" అని. మా మామ మరుసటి రోజు మొదటి బస్సుకే, రంపానికి గోనెపట్ట చుట్టుకుని కర్నూలు పోయాడు. అప్పటినుంచి ఏటా అంతే. ఆ తురాయి ఇప్పుడు గొడుగు పట్టినట్టు ఉంటుంది, ఆ వీధిలో ఆటోలన్నీ దాని కిందే ఆగుతాయి. "చెట్టాయన" అనడం మా నాయన మానలేదు గానీ, అనే తీరు మారింది.

ఆటో దిగి అందరూ లోపలికి వస్తున్నారు. ప్రార్థనకని వచ్చిన మా నాయన మాత్రం గేటు దగ్గరే ఆగిపోయాడు. చేతికర్ర నేలకు ఆనించి, తల పైకెత్తి, సున్నం కొట్టిన మానునూ, మొండేలనూ, ఆ గుత్తులనూ చూస్తున్నాడు. నేను ఎదురుపోయాను.

"ఎవరు పాపా దీన్ని నరికింది?"

"నేనే కొట్టించినా నాయనా."

"ఎండల్లోనా?"

"మామను తెచ్చిన రోజు."

వరండాలో హెడ్మాస్టరు, టీచర్లు, మా చర్చివాళ్లు కూర్చుని ఉన్నారు. అందరికీ వినపడింది. వినపడేలాగే చెప్పాను. మా నాయన చెట్టు దగ్గరికి పోయాడు. గోనెపట్ట తొలగిన చోట చెయ్యి పెట్టి, బెరడు చీలిక అంచును బొటనవేలితో కొంతసేపు తడిమాడు. తర్వాత లోపలికి వచ్చి, "రంపం యాడ పెట్టుకుండేవాడు మీ మామ?" అని అడిగాడు.

చిన్నగదిలోకి తీసుకుపోయి చూపించాను. గోడకు ఒకటే మేకు. నూనె గుడ్డ చుట్టిన రంపం దానికే ఉంది. దాని పక్కనే, అదే మేకుకు, పోయిన జనవరిలో మా మామ దించి తగిలించిన స్టారు. ఎర్ర కాగితం ఒక మూల చిరిగింది, దుమ్ము పట్టింది. మా నాయన దాన్ని ఉఫ్ అని ఊది, మళ్లీ అట్లాగే పెట్టాడు. బయట వాన మొదలైంది. మొండేల మీద పడి, గోనెపట్ట తడుపుకుంటూ కారుతోంది. చలికి ఇంకా చాలా రోజులున్నాయి. అందాకా పొద్దున్నే గేటు తీసి, తలెత్తి దాన్ని చూసుకుని, బడికి పోతున్నాను.